ఎముక క్యాన్సర్ చరిత్రలో కొలత, మందు: యల్లాప్రగడ సుబ్బారావు కృషి - పల్నాడు నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఎముక క్యాన్సర్ రోగుల రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ల్యాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైముల మోతాదును బట్టి వారి జీవితావకాశాలను అంచనా వేయడం వైద్యంలో చాలాకాలంగా ఉంది. ఈ అంచనా ఎలా రూపొందిందో, చికిత్స మారినకొద్దీ దాని అర్థం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావును మందుల ఆవిష్కర్తగానే చూస్తున్న తెలుగు జీవితచరిత్ర రచన, ఆయన 1925 నాటి కొలత పద్ధతిని పక్కన పెట్టిందని ప్రతిపాదిస్తుంది. పల్నాడు వంటి ప్రాంతంలో ఈ సంఖ్యలను చదవడంలో ఉన్న చిక్కులను చర్చిస్తుంది.

కీలకపదాలు: అస్థి అర్బుదం, ఆస్టియోసార్కోమా, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, యల్లాప్రగడ సుబ్బారావు, మెథోట్రెక్సేట్, ఫ్లోరోసిస్, పల్నాడు.

1. ఉపోద్ఘాతం

నరసరావుపేటలో డిగ్రీ విద్యార్థులకు జీవితచరిత్ర ప్రక్రియను బోధిస్తూ ఒకసారి సుబ్బారావు గారి మీద ఒక వ్యాసాన్ని తరగతిలో చదివించాను. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ అంటూ అలాంటి వ్యాసాలన్నింటిలో ఉండే జాబితా అందులోనూ ఉంది. తరగతి ముగిశాక ఒక విద్యార్థి ఆగిపోయాడు. మాచర్ల వైపు పల్లె నుంచి వచ్చినవాడు. పదహారో ఏట మోకాలి పైన ఎముకలో క్యాన్సర్ వచ్చి, చికిత్స పొంది, కృత్రిమ కాలితో నడుస్తున్నవాడు.

"సార్, నాకు ఎక్కించిన మందుల్లో ఆయన మందు లేదండి. నా జబ్బుకు పనిచేసేదే కదా అది, నాకెందుకు ఇవ్వలేదు?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. కాసేపాగి తనే మరొక మాట చెప్పాడు: "మా ఫైల్లో ఫాస్ఫటేజ్ అని ఒక అంకె ఉండేదండి. అది తగ్గినప్పుడల్లా మా నాన్న చెన్నకేశవుడి గుడిలో కొబ్బరికాయ కొట్టొచ్చేవాడు."

అతని రెండు మాటలకూ మూలం ఒక్కచోటే ఉందన్న సంగతి ఆ తరువాత చదువుతుంటే తెలిసింది. నేను వైద్యుణ్ని కాను. ఇది వైద్య సలహా కూడా కాదు. తెలుగులో సుబ్బారావును గురించి మనం రాస్తున్న తీరును ఆ విద్యార్థి ప్రశ్న ముందు నిలబెట్టి చూసే ప్రయత్నం మాత్రమే.

2. పేర్లు

పల్నాడు పల్లెల్లో పెద్దవాళ్లు క్యాన్సర్‌ను ఇప్పటికీ రాచపుండు అంటారు. పుండు పైకి కనబడేది. ఎముకలో పుట్టేదానికి ఆ పేరు అతకదు కాబట్టి దానికి విడిగా పేరు లేదు. "వాచింది", "నీరు పట్టింది", "బెణికింది" అన్న మాటలతోనే అది ఇంట్లోకి వస్తుంది. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో కనిపించే అర్బుదం శాస్త్రగ్రంథాల నుంచి తెచ్చుకున్న మాట. సుశ్రుతసంహిత నిదానస్థానం అర్బుదాలను వాత, పిత్త, కఫ, రక్త, మాంస, మేదస్సులను బట్టి ఆరుగా విభజించింది. ఆరింటిలో అస్థి లేదు. చరకసంహిత అస్థిదోషాల్లో ఎముక అదనంగా పెరగడాన్ని అధ్యస్థి అన్నది గాని, అది అర్బుద ప్రకరణం కాదు. అందువల్ల మనం నేడు వాడుతున్న 'అస్థి అర్బుదం' చూడడానికి ప్రాచీనంగా ఉన్నా ఆధునికుల కూర్పే.

సుశ్రుతుని వర్ణనలో రెండు విషయాలు మన చర్చకు అవసరం. మాంసార్బుదానికి పిడికిలిపోటు వంటి దెబ్బను కారణంగా చెప్పడం ఒకటి. ఎముక క్యాన్సర్ వచ్చిన పిల్లల తల్లిదండ్రులు దాదాపు అందరూ మొదట చెప్పేది కూడా దెబ్బ గురించే: కబడ్డీలో పడ్డాడని, బండి మీద నుంచి జారాడని. ఆధునిక వైద్యం దీన్ని ఒప్పుకోదు. దెబ్బ అప్పటికే ఉన్న గడ్డను బయటపెడుతుంది తప్ప దాన్ని పుట్టించదు. రెండవది, ఒక అర్బుదం మీద మరొకటి పుడితే అధ్యర్బుదమనీ, జంటగా పుడితే ద్విరర్బుదమనీ పేర్లు పెట్టి వాటిని అసాధ్యాలుగా నిర్ణయించడం. రోగం నయమయ్యేదో కాదో వైద్యుడు ముందే చెప్పాలన్న సంప్రదాయం మనకు పాతది. సాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, యాప్యం, అసాధ్యం అన్నవి దానికి మెట్లు. మారిందల్లా ఆ నిర్ణయానికి ఆధారం: కన్ను, చేయి, అనుభవం ఉన్నచోటికి ఇరవయ్యో శతాబ్దంలో సంఖ్య వచ్చింది.

ఆ సంఖ్య వెనుక ఉన్న మనిషి ఈ శాస్త్రాన్నీ ఎరిగినవాడే. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన సుబ్బారావు, మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు శస్త్రవైద్య ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో బయటపడ్డారు. ఆపైన ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. అమెరికా వెళ్లింది అక్కడి నుంచే.

3. నీలిరంగు

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కెతో కలిసి సుబ్బారావు చేసిన తొలి ముఖ్యమైన పని మందు కాదు, కొలత. 1925లో జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీలో వచ్చిన వారి పత్రం రక్తంలోను, మూత్రంలోను ఉన్న ఫాస్ఫరస్‌ను రంగు సాయంతో లెక్కించే పద్ధతిని చెప్పింది. నమూనాలోని ఫాస్ఫేట్ ఆమ్లద్రావణంలో అమ్మోనియం మాలిబ్డేట్‌తో కలుస్తుంది. దానికి అమైనోనాఫ్తాల్‌సల్ఫోనిక్ ఆమ్లాన్ని చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. తెలిసిన మోతాదు గల ద్రావణపు రంగుతో దాన్ని పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. అంతకు ముందు బెల్, డోయిసీ వంటివారు ఇదే దారిలో నడిచారు గాని, వారి పద్ధతుల్లో రంగు నిలకడగా ఉండేది కాదు.

మన జీవితచరిత్ర వ్యాసాలు ఈ పత్రాన్ని ఒక వాక్యంలో దాటవేస్తాయి, చాలా వాటిలో ఆ వాక్యం కూడా ఉండదు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. మందుకు కథ ఉంటుంది: చావుబతుకుల్లో ఉన్న బిడ్డ, ఇంజెక్షన్, కోలుకోవడం. కొలతకు కథ ఉండదు. ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏటీపీని 1929లోను ఫిస్కె, సుబ్బారావు గుర్తించగలిగారంటే ఆ నీలిరంగు చేతిలో ఉండడమే కారణం. ఇవాళ్టికీ మన దేశంలో జీవరసాయన ప్రయోగశాల రికార్డు పుస్తకాల్లో 'ఫిస్కె-సుబ్బారావు పద్ధతి' అన్న శీర్షిక కనిపిస్తుంది. ఆ ప్రయోగం చేసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థుల్లో ఆ రెండో పేరు తెలుగువాడిదని ఎందరు గమనించి ఉంటారో!

4. ఫాస్ఫటేజ్ ఎముకను చూపించిన తీరు

ఎముక గట్టిపడాలంటే ఫాస్ఫేట్ కావాలి. దాన్ని సేంద్రియ సమ్మేళనాల నుంచి విడగొట్టే ఎంజైము ఎముకలోనే ఉందని 1923లో లండన్ లిస్టర్ సంస్థలో రాబర్ట్ రాబిసన్ చూపించారు. ఎముక రోగాలు ఉన్నవారి రక్తంలో ఆ ఎంజైము పెరుగుతున్నదని 1929లో హెచ్.డి. కే ప్రకటించారు. ఎంజైమును నేరుగా తూచలేం. రక్తరసాన్ని గ్లిసరోఫాస్ఫేట్‌తో కలిపి నిర్ణీతకాలం వెచ్చగా ఉంచి, అది ఎంత ఫాస్ఫేట్‌ను విడగొట్టిందో లెక్క కట్టాలి. అంటే ఫాస్ఫటేజ్‌ను కొలవాలంటే ముందు ఫాస్ఫరస్‌ను కొలవడం రావాలి.

ఇక్కడ అతిశయోక్తికి పోకూడదు. ఫాస్ఫరస్‌ను నీలంగా మార్చే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడిన ఆరన్ బొడాన్‌స్కీ పరీక్ష కుట్నర్, లిక్టెన్‌స్టైన్‌ల పద్ధతి మీద ఆధారపడింది. 1934లో కింగ్, ఆర్మ్‌స్ట్రాంగ్ ఫాస్ఫేట్‌ను వదిలి ఫినాల్‌ను కొలిచారు. ఇప్పటి యంత్రాల్లో ఈ పరీక్షకు వచ్చేది నీలం కూడా కాదు, పసుపు. సుబ్బారావు లేకపోతే ఈ పరీక్షే లేదనడం చరిత్ర కాదు. రక్తంలోని ఫాస్ఫరస్‌ను నమ్మకంగా, తొందరగా, కొద్దిపాటి నమూనాతో లెక్కించవచ్చునని ఆ దశకంలో ప్రయోగశాలలకు స్థిరంగా నేర్పిన వారిలో ఆయన ఒకరు. ఎముక వ్యాధుల రసాయనశాస్త్రం ఆ పునాది మీద లేచింది. ఇంతవరకు చెప్పడానికి ఆధారముంది.

1930ల మధ్యలో అమెరికాలో ఫ్రాన్సీన్, మెక్‌లీన్ ఒక వైపు, న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రిలో హెలెన్ వుడార్డ్ బృందం మరొక వైపు ఎముక గడ్డలున్నవారి రక్తంలో ఫాస్ఫటేజ్‌ను వరుసగా కొలిచారు. ఆస్టియోసార్కోమా అంటే ఎముకను తయారుచేసే కణాలే అదుపు తప్పి పెరగడం. అవి తమ అలవాటు కొద్దీ ఫాస్ఫటేజ్‌ను కూడా విపరీతంగా చేస్తాయి. అంకె పెద్దదైన కొద్దీ గడ్డ ఉధృతమని, కాలు తీసేశాక అది దిగివస్తే మంచి సూచన అని, దిగకపోయినా దిగి మళ్లీ ఎక్కినా రోగం మరెక్కడో ఉన్నదని ఆ కాలపు పరిశీలనలు తేల్చాయి. ఆ తండ్రి కొబ్బరికాయ కొట్టింది ఈ తర్కం మీదే. మెమోరియల్ ఆస్పత్రి పేరు ఆయన విని ఉండరు.

ఈ సూచికకు హద్దులున్నాయి. కొందరికి గడ్డ ఉన్నా ఫాస్ఫటేజ్ మామూలుగానే ఉంటుంది. కాలేయ వ్యాధుల్లోనూ పెరుగుతుంది. కణవిభజన జోరును పట్టి చూపే ల్యాక్టేట్ డీహైడ్రోజినేజ్‌ను తరువాత దీనికి తోడు చేసుకున్నారు. 1921లో జేమ్స్ యూయింగ్ వర్ణించిన మరో రకం ఎముక క్యాన్సర్‌లో దీనికే ప్రాధాన్యం ఎక్కువ. బొలోన్యాలోని రిజ్జోలి సంస్థలో గయెతానో బాచి బృందం పెద్దసంఖ్యలో రోగులను చూసి, చికిత్సకు ముందు ఈ ఎంజైములు ఎక్కువగా ఉన్నవారిలో రోగం తిరగబెట్టడం ఎక్కువని చూపించింది. అయితే ఈ రెంటిలో ఏదీ రోగాన్ని నిర్ధారించదు. దానికి ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడవలసిందే.

5. ఒకే అంకె, మారిన అర్థం

1930లలో ఫాస్ఫటేజ్ ఎక్కువ ఉంటే వైద్యుడు చేయగలిగింది చెప్పడం తప్ప మరేమీ లేదు. కాలు తీసేసినా అయిదుగురిలో నలుగురు రెండేళ్లలోపే ఊపిరితిత్తుల్లో గడ్డలతో పోయేవారు. సూచిక వచ్చిన తరువాత నలభై ఏళ్ల పాటు ఈ పరిస్థితి మారలేదు. జోస్యం శాస్త్రీయమైంది, మరణం ఎప్పటిలాగే ఉంది.

ఈలోగా సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలకు మారారు. ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించిన ఆయన బృందం దానికి పోలికగల విరోధి అణువులనూ తయారుచేసింది. వాటిలో అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మేలు కనిపించిందన్న పత్రం 1948 జూన్‌లో వెలువడింది. ఆ ఆగస్టులో సుబ్బారావు మరణించారు. అప్పటికి వయసు 53. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ తరువాతి దశకంలో అమైనోప్టెరిన్ స్థానంలోకి వచ్చింది. ఎముక క్యాన్సర్‌లో దాని పాత్రను ఆయన చూడలేదు, ఊహించినట్టు ఆధారమూ లేదు.

మామూలు మోతాదులో మెథోట్రెక్సేట్ ఆస్టియోసార్కోమాను పెద్దగా కదిలించదు. ఐజాక్ జెరాసి, నార్మన్ జాఫి 1970ల ఆరంభంలో ఎంచుకున్న దారి సాహసమనే అనాలి. ప్రాణాంతకమైన మోతాదులో మందు ఎక్కించి, కొన్ని గంటల తరువాత ల్యూకోవోరిన్ ఇచ్చి మామూలు కణాలను కాపాడుకోవడం. ఆ విరుగుడు కూడా ఫోలిక్ ఆమ్లపు మరో రూపమే. కీళ్లవాతానికి ఈ మందును వారానికి మిల్లీగ్రాముల్లో ఇస్తారు. ఇక్కడ శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 8 నుంచి 12 గ్రాములు. ఈ చికిత్స పొందిన వారిలో సెనెటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ పన్నెండేళ్ల కుమారుడు ఒకరు. 1977లో కాలు కోల్పోయిన కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్‌కు, రెండేళ్ల ముందైతే పదిహేను శాతం ఉండే అవకాశం ఇప్పుడు యాభై శాతం అని వైద్యులు చెప్పారు. ఒక్క కాలితో కెనడా దాటాలని 1980లో పరుగు మొదలుపెట్టి, 1981 జూన్‌లో మరణించిన అతని పేరిట హైదరాబాదులో కూడా పరుగులు జరిగాయి.

మన రచయితలు ఇక్కడ ఆగి చప్పట్లు కొడతారు. చరిత్ర ఆగలేదు. మందు వల్లే బతుకుతున్నారా, లేక రోగాన్ని ముందే పట్టుకోవడం వల్లనా అని మేయో క్లినిక్ వైద్యులు నిలదీశారు. వారి ఆస్పత్రిలో మందు తీసుకోని వారి ఫలితాలూ అంతకంతకు మెరుగుపడుతున్నాయి మరి. వారు మెథోట్రెక్సేట్ ఒక్కదాన్నే పరీక్షించి 1984లో ప్రకటించిన ఫలితంలో మందు పొందినవారికీ, పొందనివారికీ తేడా కనబడలేదు. ఆ సందేహాన్ని తీర్చింది 1986లో మైకేల్ లింక్ బృందం ప్రచురించిన అధ్యయనం. 36 మందిని చీటీ వేసినట్టు రెండుగా విడదీశారు. రెండేళ్ల తరువాత రోగం తిరగబెట్టకుండా ఉన్నవారు శస్త్రచికిత్స మాత్రమే పొందిన జట్టులో 17 శాతం, మందుల కూటమి పొందిన జట్టులో 66 శాతం. కూటమి అన్నది ముఖ్యం. మెథోట్రెక్సేట్ అందులో ఒకటి, అదొక్కటే కాదు. సుబ్బారావుకు దక్కవలసిన గౌరవం ఈ వాక్యం వల్ల తగ్గదని నా అభిప్రాయం. దీన్ని దాచిపెట్టి ఇచ్చే గౌరవమే నిలవదు.

ఆనాటి నుంచి రోగం ఇంకా పాకని దశలో దొరికినవారిలో అరవై నుంచి డెబ్బై శాతం మంది అయిదేళ్లు దాటుతున్నారు. అప్పటికే ఊపిరితిత్తులకు చేరితే అది ఇరవై, ముప్పైకి పడిపోతుంది. 1980ల తరువాత ఈ అంకెలు పెద్దగా కదలలేదు. సూచికల స్థానం కూడా మారింది. శస్త్రచికిత్సకు ముందు మందులిచ్చి, తీసిన ఎముకలో తొంభై శాతం గడ్డ చచ్చిందా లేదా అని చూసే పద్ధతి మెమోరియల్ ఆస్పత్రిలో రోజెన్, హ్యూవోస్‌ల కృషితో స్థిరపడింది. రక్తపరీక్ష కంటే ఇదే బలమైన సాక్ష్యం అయింది. 1936లో ఎక్కువ ఫాస్ఫటేజ్ అంటే దాదాపు మరణవార్త. ఇవాళ అది మందులు మొదలుపెట్టే ముందు రాసుకునే ఒక ఆరంభబిందువు. అంకె అదే, అర్థం అది కాదు.

6. పల్నాడులో ఈ అంకె

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఇప్పుడు చిన్న ల్యాబులో కూడా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్ష చేస్తారు. చదవడమే కష్టం. ఎదిగే పిల్లల ఎముకలు సహజంగానే ఈ ఎంజైమును పెద్దవారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ చేస్తాయి. ఆస్టియోసార్కోమా ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఆ వయసులోనే. పెద్దవాళ్ల కొలమానం ముద్రించిన కాగితం మీద పద్నాలుగేళ్ల పిల్లవాడి అంకె పక్కన గీత పడితే, అది రోగమో ఎదుగుదలో కాగితం చెప్పదు.

ఇక్కడ మరో చిక్కు కూడా ఉంది. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను తొలిసారి వర్ణించిన 1937 నాటి పత్రం షార్ట్, మెక్‌రాబర్ట్ బృందానిది. వారు చూసిన పల్లెలు నాటి నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి ప్రాంతానివి. వినుకొండ దాటి కొంతదూరం పోతే వచ్చే ఊళ్లవి. పల్నాడు మెట్టప్రాంతంలో కూడా ఫ్లోరైడ్ బోరునీళ్ల సమస్య ఉంది. ఎముకల ఫ్లోరోసిస్ ఉన్న చాలామందిలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగే ఉంటుంది. కాబట్టి న్యూయార్క్‌లోనో బొలోన్యాలోనో కట్టిన కొలమానాన్ని ఈ నేల మీద యథాతథంగా చదవడానికి వీల్లేదు. ఫ్లోరైడ్ వల్లే ఎముక క్యాన్సర్ వస్తుందని మాత్రం కొందరు రాస్తున్నట్టు రాయకూడదు. 2006లో హార్వర్డ్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం అబ్బాయిల్లో అలాంటి సంబంధాన్ని సూచించింది. 2011లో రోగుల ఎముకల్లోని ఫ్లోరైడ్‌నే కొలిచి చూస్తే అది నిలబడలేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు కాలం. మోకాలు వాచిన పిల్లవాడిని మొదట తీసుకెళ్లేది కట్టు కట్టేవారి దగ్గరికి. వారిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. పుత్తూరు కట్టు పేరు తెలుగునాట అందరికీ తెలుసు, విరిగిన ఎముకకు వారి చేతి నైపుణ్యం సామాన్యమైంది కాదు. గడ్డ ఉన్న ఎముకను పట్టి లాగడం, మర్దన చేయడం మాత్రం హాని. ఆ తేడా చేతికి తెలియదు, ఎక్స్‌రే చెప్పాలి. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రి వంద కిలోమీటర్లకు పైనే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చును చాలావరకు భరించింది గాని, ఆస్పత్రి గుమ్మానికి చేరేలోపు గడిచిపోయిన వారాలు అందులోకి రావు.

7. మందు ఇవ్వకపోవడానికి కారణం

విద్యార్థి మొదటి ప్రశ్నకు సమాధానం ముంబయిలో దొరికింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి ఎముక క్యాన్సర్‌కు రూపొందించిన ఓజీఎస్-12 అనే చికిత్సా క్రమంలో అధిక మోతాదు మెథోట్రెక్సేట్ లేదు. డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్, ఐఫోస్ఫమైడ్ ఉన్నాయి. మెథోట్రెక్సేట్ పనిచేయదని కాదు. అంత మోతాదు ఎక్కించాక రక్తంలో అది ఎంత మిగిలిందో రోజూ కొలవాలి, ఆ కొలతను బట్టి విరుగుడు సర్దాలి, సెలైన్ ఆపకుండా ఎక్కించాలి, మూత్రం ఆమ్లంగా మారకుండా చూడాలి. ఈ సదుపాయాలు అన్ని ఆస్పత్రుల్లో లేని దేశంలో, అది లేకుండానే పోల్చదగిన ఫలితాలు సాధించవచ్చునని వారు చూపించారు. కొలత ఆధారంగా శాస్త్రజీవితం మొదలుపెట్టిన మనిషి అందించిన మందు, ఆయన సొంత దేశంలో ఈ రోగుల్లో చాలామందికి అందకపోవడానికి కారణం కొలవలేకపోవడమే.

ఈ సంగతి చెప్పినప్పుడు అతడు తల ఊపి, మరుసటి వారం తన ఫైలు జిరాక్సు తెచ్చి ఇచ్చాడు. ఇలాంటి కాగితాలను చరిత్రకు ఆధారంగా చూడడం తెలుగు శాఖల్లో మనకింకా అలవాటు కాలేదు. మొదటి ఎక్స్‌రే తేదీ ఉంది, బయాప్సీ తేదీ ఉంది, ఒక్కో విడతకు ముందు ఫాస్ఫటేజ్ అంకె వరసగా దిగుతూ ఉంది. మోకాలు వాచిన రోజుకూ తొలి ఎక్స్‌రేకూ మధ్య కాలానికి మాత్రం కాగితం లేదు. ఆ రెండు నెలల్లో కట్టు కట్టించుకున్న మూడు ఊళ్ల పేర్లూ ఫైలు వెనుక తెల్ల అట్ట మీద పెన్సిలుతో అతనే రాసి ఇచ్చాడు.